జీలకర్ర బెల్లం ఉపసంఘం

రాయవరప్పేటలో చావుల గురించి శ్రద్ధగా మాట్లాడుకునేవాళ్ళు రెండే రకాలు. ఒకరు కైలాసభూమి కాంట్రాక్టరు దగ్గర పనిచేసేవాళ్ళు, రెండోవారు జపాను వీడియో గేముల అభిమానులు. మొదటివాళ్ళు పనైపోగానే కాళ్ళు కడుక్కుని, ఇంటికెళ్ళి అన్నం తిని పడుకుంటారు. రెండోవాళ్ళకి ఆ సౌకర్యం లేదు. వారం పొడుగునా అదే తల్చుకుని, ఆదివారం సాయంత్రం ఒకచోట చేరి మళ్ళీ ఏడుస్తారు.

మట్టపర్తి రత్నాజీ ఈ రెండో రకం. ముప్ఫై ఆరేళ్ళవాడు, మునిసిపాలిటీలో కుళాయిల విభాగంలో సీనియర్ అసిస్టెంటు. కనెక్షన్ కోసం తిరిగి తిరిగి ముసలమ్మ కళ్ళనీళ్ళు పెట్టుకున్నా, తలెత్తకుండా ‘దొరగారు సంతకం పెట్టలేదమ్మా’ అనగలిగిన గుండె నిబ్బరం గలవాడు. అలాంటివాడు, తెర మీద వేలెడంత నీలం జుట్టు బొమ్మ వెలుగైపోయి గాల్లో కలిసిపోతే మాత్రం తువ్వాలు తడిసేలా ఏడుస్తాడు. ఏం చెప్పమంటారు, ఎవరి కన్నీళ్ళు ఎక్కడ దాచాడో ఆ దేవుడికే తెలియాలి.

తెలియనివారి కోసం రెండు ముక్కలు. ఈ ఆటల్లో ఓ పల్లెటూరి కుర్రాడుంటాడు. వాడికో కత్తి దొరుకుతుంది, తర్వాత స్నేహితులు దొరుకుతారు, ఆ తర్వాత లోకాన్ని రక్షించే బాధ్యత నెత్తిన పడుతుంది. ఆడేవాడు పెళ్ళిళ్ళూ పేరంటాలూ ఎగ్గొట్టి, నెలల తరబడి కూచుని లోకాన్ని రక్షిస్తే, చివర్లో ఆ కుర్రాడు మాయమైపోతాడు. లేదా వాడు ప్రేమించిన పిల్ల వాణ్ణి మరిచిపోతుంది. లోకం బాగుపడిందని సంతోషించాలో, వీళ్ళు విడిపోయారని ఏడవాలో తేలక ఆడినవాడు నోరు తెరుచుకుని కూచుంటాడు. ఆ స్థితినే అభిమానులు ‘చేదుతీపి ముగింపు’ అంటారు. అంతకు మించిన రసం లోకంలో లేదని వాళ్ళ నమ్మకం. ఉత్త నమ్మకమైతే ఫర్వాలేదు, దానికో సంఘం పెట్టారు. అక్కడొచ్చింది చిక్కంతా.

సంఘం ఎందుకంటే, గది కోసం. మూతపడ్డ టైపు ఇన్‌స్టిట్యూటు మేడ మీద గది ఖాళీగా ఉంది. యజమాని ఒకటే మాటన్నాడు. “రిజిస్టరైన సంఘానికైతే ఇస్తానండి. ఊరికే వచ్చి ఏడ్చి పోయే జనానికిస్తే చుట్టుపక్కలోళ్ళు ఏమనుకుంటారు?”

సంఘానికి కనీసం ఏడుగురుండాలి. లెక్కకి సరిగ్గా ఏడుగురే ఉన్నారు. రత్నాజీయే కాగితాలు పట్టుకుని రిజిస్ట్రారు ఆఫీసుకెళ్ళాడు. అక్కడి సూపరింటెండెంటు కళ్ళజోడు ముక్కు మీదికి జార్చి అడిగాడు.

“సంఘం ఆశయం ఏంటండి?”

“ముగింపులండి.”

“ఎవరివి?”

“ఎవరివైనా సరేనండి. మనసుకి పట్టేలా ఉండాలి.”

“అంటే చివరిదాకా దగ్గరుండి చూస్తారా?”

“ఆయ్. అంతా అయిపోయేదాకా ఎవరం లేవం.”

“తర్వాత?”

“తర్వాత అందరం కూచుని, ఆ పోయినవాళ్ళ మంచీ చెడ్డా చెప్పుకుని ఏడుస్తామండి.”

సూపరింటెండెంటు లేచి రెండు చేతులూ జోడించాడు. “మీరు పుణ్యాత్ములు బాబూ. ఈ రోజుల్లో కన్నపిల్లలే రావట్లేదు,” అన్నాడు. ఒక్క అడ్డు ప్రశ్న వెయ్యకుండా సంఘాన్ని రిజిస్టరు చేసిపెట్టాడు. తీరా సర్టిఫికెట్టు ఇంటికొచ్చాక చూస్తే, ‘అంత్యక్రియలు, తత్సంబంధ సేవలు’ అనే పద్దు కింద చేర్చాడు. దాన్ని మార్పించాలంటే మళ్ళీ మొదట్నుంచీ మొదలెట్టాలన్నారు. గది దొరికింది కదాని ఊరుకున్నారు. అప్పట్నుంచీ వారానికో ఫోను, ఐసు పెట్టె ఉందా అని. కోశాధికారి జెస్సీ టీచరు ఓపిగ్గా, “పెట్టె లేదండి, మా సానుభూతి మాత్రం ఉంది,” అని చెప్పి పెట్టేసేది.

ఇక అధ్యక్షులు ద్విభాష్యం కామేశం గారు. బ్యాంకు మేనేజరుగా రిటైరయ్యారు గానీ, బ్యాంకు భాష మాత్రం ఆయన్నుంచి రిటైరవలేదు. గొంతెండితే “త్రాగునీటి విషయమై తగు చర్య తీసుకొనవలసినదిగా కోరడమైనది” అనేవారు. మనవడు వదిలేసి వెళ్ళిన ఆట పెట్టెతో కాలక్షేపానికి మొదలెట్టి, ఒక్క వర్షాకాలంలో మూడు లోకాల్ని రక్షించిన ఘనుడు. నియమావళి రాసే పని సహజంగానే ఆయన మీద పడింది. మొదటి ఆరు నియమాలూ కుర్చీలు, ఫ్యాను, చెప్పులు విడిచే చోటు గురించి. వాటితో ఎవరికీ హాని లేదు.

ఏడో నియమం మాత్రం రత్నాజీ పుణ్యం.

ఎలా జరిగిందంటే, ఓ ఆదివారం కరెంటాఫీసు బుల్లబ్బాయి తను కొత్తగా పూర్తి చేసిన ఆట గురించి చెబుతూ, “చివర్లో అందరూ బతికేరండి, అందరికీ పెళ్ళిళ్ళయిపోయేయి. నాకు భలే నచ్చేసింది,” అన్నాడు. పెద్దల ముందు బూతు మాట దొర్లినట్టు అందరూ తలలు దించుకున్నారు. రత్నాజీ లేచి నిలబడ్డాడు. సుఖాంతం అంటే రాసినవాడికి ఓపిక అయిపోవడమన్నాడు. త్యాగం లేని సంతోషం ఉప్పు లేని పప్పన్నాడు. ఇలాంటి అభిరుచిని మొగ్గలోనే తుంచకపోతే రేపు సంఘం ఏ కుళ్ళు జోకుల క్లబ్బో అయిపోతుందని ఊగిపోయాడు. ఆ ఊపులోనే ఏడో నియమం పుట్టింది. కామేశం గారు దానికి భాష తొడిగారు. ‘సంఘమునకు గాని, సభ్యుల పరస్పర వ్యవహారములకు గాని సంబంధించిన ఏ కార్యమును త్యాగము లేకుండ సంపూర్ణ సుఖాంతముగా ముగియరాదు.’

అందరూ చేతులెత్తారు. సంఘంలో ఇద్దరు అన్నదమ్ములున్నారు, ఎప్పుడూ నోరు విప్పరు, ఎత్తమన్నప్పుడు చెయ్యెత్తడం వాళ్ళ పని. వాళ్ళూ ఎత్తారు.

ముందు చిన్న చిన్న వాటితో మొదలైంది. బజ్జీలు తెప్పిస్తే చివరి బజ్జీ ఎవరూ తినకూడదు. అందరూ దాని చుట్టూ చేరి, అది చల్లారేదాకా చూసి నిట్టూర్చాలి. బుల్లబ్బాయికి ప్రమోషన్ వచ్చింది. సభ్యుడి మీద అభినందన తీర్మానం చేయాలంటే అది సంఘ వ్యవహారమే కదా, త్యాగమేదీ అన్నారు. పాపం మీసం తీయించుకొచ్చాడు. వాళ్ళావిడ గుర్తుపట్టక తలుపేసేసిందట. ఆ మాట విని సంఘం పరవశించిపోయింది, ఎందుకంటే ప్రియురాలు గుర్తుపట్టకపోవడం అనేది చేదుతీపిలో అత్యుత్తమ శ్రేణి. జెస్సీ టీచరికి ఉత్తమ ఉపాధ్యాయిని పతకం వచ్చినప్పుడు ఆవిడ తెచ్చిన పూతరేకులన్నీ ఎదురింటి కుక్కకి పెట్టారు. కుక్కది మాత్రం సంపూర్ణ సుఖాంతమే. అది సభ్యురాలు కాదు గనుక నియమం వర్తించదని అధ్యక్షులు రూలింగిచ్చారు.

ఇవన్నీ చూసి మురిసిపోయినవాళ్ళలో రత్నాజీయే మొదటివాడు. ఎవరు తవ్వుకున్న గోతిలో వాళ్ళే పడతారన్న సామెత అతనికి తెలియక కాదు. గొయ్యి అంత అందంగా ఉంటే ఎవరికి గుర్తొస్తుంది?

ఏడో సభ్యురాలు కొప్పిశెట్టి భ్రమరాంబ. మెయిన్ రోడ్డులో కళ్ళజోళ్ళ షాపు ఆవిడది. తండ్రి పెట్టిన షాపు, ఇప్పుడు తనే నడుపుతోంది. ఆవిడకీ రత్నాజీకీ పరిచయం తగువుతో మొదలైంది. ‘ఉప్పు సముద్రపు గంట’ అనే ఆట చివర్లో హీరో లోకాన్ని రక్షించి, అందరి జ్ఞాపకాల్లోంచీ చెరిగిపోతాడు. ఏళ్ళు గడిచాక అతను సంతలో నడుస్తుంటే, పూలమ్ముకుంటున్న ఆ పిల్ల ఒక్క క్షణం వెనక్కి తిరిగి చూస్తుంది. గంట మోగుతుంది. అంతే, అయిపోతుంది.

“ఆ పిల్లకి గుర్తొచ్చింది,” అన్నాడు రత్నాజీ, అప్పటికే కళ్ళు తుడుచుకుంటూ.

“ఏం రాలేదండి. మెడ పట్టేసుంటది. పొద్దున్నుంచీ పూలబుట్ట మోసే మనిషి.”

“మెడ పట్టేయడమా! ఆ చూపు చూశారా మీరసలు?”

“చూపుల సంగతి నాకు చెప్తారేంటండీ? రోజంతా నేను చూసేదవే.”

ఆదివారం మొదలైన తగువు సోమవారం షాపులోకి పాకింది. వాదనలో ఓడిపోయినప్పుడల్లా రత్నాజీ ఓ కళ్ళజోడు కొనుక్కుని వచ్చేవాడు. పవరు మారకుండానే ఇంట్లో కళ్ళజోళ్ళు పోగుపడ్డాయి. చివరికి ఓ రోజు, “గుర్తొచ్చిందో లేదో ఇది తేలేది కాదు గానీ భ్రమరా, ఈ తగువు రోజూ ఇంట్లోనే పడితే పోలా?” అన్నాడు. ఆవిడ అద్దం తుడుస్తున్నదల్లా ఆగి, “ఆయ్, మా నాన్నగారితో మాట్లాడండి మరి,” అంది. పెద్దలు మాట్లాడుకున్నారు. మాఘమాసంలో ముహూర్తం కుదిరింది. రత్నాజీ నేల మీద నడవడం మానేశాడు.

ఆదివారం ఆ శుభవార్త చెప్పి మిఠాయి పంచబోతే, కామేశం గారు చెయ్యడ్డం పెట్టారు. “వధూవరులు ఇరువురును సభ్యులే అగుటచే ఇది పరస్పర వ్యవహారము. ఏడవ నియమమును పురస్కరించుకొని ఉపసంఘ విచారణ జరుపవలసి యున్నది. మిఠాయి డబ్బా అంతవరకు సంఘ స్వాధీనములో ఉండును.”

తర్వాతి ఆదివారం విచారణ. ఉపసంఘంలో కామేశం గారు, జెస్సీ టీచరు, బుల్లబ్బాయి. “దరఖాస్తుదారులు లోనికి రావచ్చును,” అన్నారు కామేశం గారు. గది ఒకటే కావడంతో దరఖాస్తుదారులు అప్పటికే లోపల, ఆయన పక్క కుర్చీల్లోనే ఉన్నారు. అయినా పద్ధతి పద్ధతే. ఇద్దరూ లేచి మెట్ల మీదికెళ్ళి మళ్ళీ లోపలికొచ్చారు.

“సదరు వివాహానంతరము మీలో ఎవరు అదృశ్యమగుదురు?”

“అదృశ్యమా?” అన్నాడు రత్నాజీ. “మర్నాడు అన్నవరంలో వ్రతం ఉందండీ. ఇద్దరం పీటల మీద కూచోవాలి.”

“వ్రతానంతరము?”

“ప్రసాదం పట్టుకుని వచ్చేస్తామండి. మీకూ తెస్తాం.”

బుల్లబ్బాయి గుటక మింగాడు. కామేశం గారు ఆ గుటకకేసి తీవ్రంగా చూసి, విచారణ కొనసాగించారు. “ఇరువురిలో ఎవరికైనను జ్ఞాపకశక్తి నశించు అవకాశము కలదా?”

“మా ఇళ్ళల్లో ఎవరికీ ఆ జబ్బు లేదండి,” అంది భ్రమరాంబ.

“పోనీ, మీ వివాహము వలన లోకమునకు ఏదేని ప్రమాదము?”

“మా పిన్ని కొంచెం అలిగిందండి. అంతకు మించి లేదు.”

“అటులైన ఇందు త్యాగమెక్కడ? వియోగమెక్కడ? ఇది నిష్కారణమైన సుఖము,” అని కామేశం గారు పెన్ను కింద పెట్టారు. రత్నాజీ మొహం పాలిపోయింది. ఆ మాటలన్నీ తనవే. బుల్లబ్బాయి మీద తను విసిరిన రాళ్ళే ఏరి, ఇప్పుడు ఒక్కొక్కటీ తిరిగి వేస్తున్నారు.

అప్పుడు భ్రమరాంబ లేచింది. “అధ్యక్షా, ఒక్క మాట. మన పెళ్ళిళ్ళల్లో ముహూర్తం దేనికి పెడతారండీ? తాళికి కాదు. జీలకర్రా బెల్లానికి. తమలపాకులో పెట్టి ఒకళ్ళ నెత్తిన ఒకళ్ళం పెడతాం. బెల్లం తీపి, జీలకర్ర చేదు. మనం ఎక్కడో జపాన్లో ఉందని వెతుక్కుంటున్న చేదుతీపి, మనోళ్ళు ఎప్పుడో నెత్తిన పెట్టుకున్నారండి.”

గదిలో ఒళ్ళు జలదరించనివాడు లేడు. జెస్సీ టీచరు చప్పట్లు కొట్టింది. అన్నదమ్ములిద్దరూ ఎవరూ అడక్కుండానే చేతులెత్తారు. ఇంత గొప్ప సాంకేతికాంశం బయటపడినందుకు అప్పటికప్పుడు ఉపసంఘం పేరును ‘జీలకర్ర బెల్లం ఉపసంఘం’గా మార్చారు. ఇక వదిలేస్తే బాగుండేది. కానీ సంఘమన్నాక వదిలేస్తుందా? జీలకర్ర చేదేనని నిర్ధారణ కావాలన్నారు. అన్నదమ్ముల్లో చిన్నవాడు కింద కిరాణా కొట్టుకెళ్ళి జీలకర్ర పొట్లం తెచ్చాడు. ఉపసంఘం ముగ్గురూ తలా చిటికెడు నోట్లో వేసుకుని, కళ్ళు మూసుకుని నమిలారు.

“ఘాటుగా ఉన్నది,” అన్నారు కామేశం గారు చాలాసేపటికి. “కొంత వగరు. వాయువునకు మంచిదే. కాని చేదని తేల్చుటకు తగిన ఆధారములు లభింపలేదు.”

“మెంతులైతే చేదేనండి,” అంది జెస్సీ టీచరు, సాయం చేద్దామనే. “మెంతులూ బెల్లం పెట్టుకుంటే సరిపోద్ది కదా?”

పురోహితుడికి ఫోను చేశారు. అవతల పిడుగు పడింది. “మెంతులా? మీకు పెళ్ళి చేయమంటారా, షుగరు జబ్బుకి మందు నూరమంటారా?” ఆ తర్వాత ఆయనన్నవి సంస్కృతం కావు. కామేశం గారు మాత్రం చలించకుండా, ‘పురోహితుల వారు సాంకేతిక కారణముల వలన సహకరింపజాలనని తెలియజేసిరి’ అని రాసుకున్నారు.

చివరికి తీర్పు వచ్చింది. పెళ్ళికి అభ్యంతరం లేదు. అయితే ముహూర్త సమయానికి వధూవరుల్లో ఒకరు సంఘాన్ని శాశ్వతంగా విడిచిపెట్టాలి. ఎవరన్నది వాళ్ళే తేల్చుకోవాలి.

ఆ సాయంత్రం ఇద్దరూ కాలవ వంతెన మీద నిలబడ్డారు. మామూలు మనుషులైతే ఉపసంఘాన్ని తిట్టుకుని నవ్వుకునేవాళ్ళు. వీళ్ళు అభిమానులు కదా, తీర్పు అద్భుతంగా ఉందనిపించింది.

“నేనే మానేస్తాను,” అన్నాడు రత్నాజీ గొంతు తగ్గించి. “ఆదివారాలు నువ్వు వెళ్ళు. నేనిక్కడే నిలబడి, మేడ మీద దీపం చూస్తూ ఉంటా.” ఏ చొక్కా వేసుకుని నిలబడాలో కూడా అప్పటికే అనుకున్నాడు.

“అబ్బే, మీకెందుకండీ శ్రమ? నేను మానేస్తా. నా కుర్చీ ఖాళీగా ఉంటది. మీరంతా దాన్ని చూసి ఏడుద్దురు గాని.”

“అందరూ నీ కుర్చీనే చూస్తే, నన్నెవరు చూస్తారు?”

“ఎప్పుడూ మగాళ్ళే మాయమైపోవాలా? మాయమయ్యే యోగ్యత మాకు లేదా?”

“అలా కాదు భ్రమరా, నాకు మాయమవడం గురించి బాగా తెలుసు. ఏడేళ్ళుగా దాని మీద వ్యాసాలు రాస్తున్నా.”

భ్రమరాంబ అతనికేసి తేరిపార చూసింది. ఆవిడ మొహంలో నవ్వు పోయింది. “ఒక్కటడుగుతా, సూటిగా చెప్పండి. మీకు నేను కావాలా, ముగింపు కావాలా?”

నువ్వే అనాలి. పసిపిల్లాడైనా అంటాడు. కానీ ఆ క్షణంలో మన రత్నాజీ బుర్రలోకి వచ్చిన ఆలోచన ఏంటో తెలుసా? ‘ఆహా, ఎంత మంచి మాట! ఇది ఆట చివర్లో పడితే ఎలా ఉంటుంది!’ అని. ఆ మైమరపు అతని మొహంలో దీపంలా వెలిగింది. ఆవిడకి కనపడింది. చూపులు చదవడమే కదా ఆవిడ వృత్తి.

“అర్థమైందండి,” అని గిర్రున తిరిగి వెళ్ళిపోయింది.

అదే సమయానికి వాన కూడా మొదలైంది. సిగ్గులేని మనిషి, వానకి కూడా సంతోషించాడు. తడుస్తూ, చెయ్యి పిట్టగోడ మీద ఆనించి, మొహం కొంచెం పక్కకి తిప్పి నిలబడ్డాడు. ఆటల్లోలా వెనకాల పాట మొదలవుతుందేమోనని చూశాడు. ఇసక లారీ ఒకటి హారన్ కొట్టుకుంటూ వచ్చి, “చావడానికి నా బండే దొరికిందేట్రా?” అని తిట్టి, మోకాళ్ళదాకా బురద కొట్టి వెళ్ళిపోయింది.

ఇంటికెళ్ళి ఉప్మా చేసుకున్నాడు. తిన్నాడు. ఆటలో అయితే విడిపోయాక పాట వస్తుంది, ఆట తయారు చేసినవాళ్ళ పేర్లొస్తాయి. ఇక్కడ సోమవారం వచ్చింది. ఆఫీసుకెళ్ళాడు. భ్రమరాంబ ఫోనెత్తలేదు. మంగళవారమూ ఎత్తలేదు. బుధవారం ఆవిడ నాన్నగారు కబురు పెట్టారు, ముహూర్తం సంగతి ప్రస్తుతానికి ఆపుదాం బాబూ, అమ్మాయి వద్దంటోంది, అని. రత్నాజీ ఆఫీసు బల్ల దగ్గర కూచుని, ఆ బాధలో తీపి ఎక్కడుందా అని నిజాయితీగా వెతికాడు. ఇన్నేళ్ళ అనుభవం, అంత పాండిత్యం, ఎంత వెతికినా తీపి తగల్లేదు. అంతా చేదే. ఏడుపొచ్చింది గానీ అందులో గొప్పదనం ఏమీ లేదు, ముక్కు కారింది, పక్క బల్ల గుమాస్తా ‘జలుబా?’ అనడిగాడు.

ఆదివారం సంఘానికి వెళ్ళాడు. భ్రమరాంబ రాలేదు. రాజీనామా కూడా పంపలేదు, సంఘానికి ఆ గౌరవం కూడా ఇవ్వదలుచుకోలేదు కాబోలు.

“ఏడో నియమం రద్దు చేయాలని ప్రతిపాదిస్తున్నాను,” అన్నాడు రత్నాజీ.

కామేశం గారు నియమావళి ముందుకీ వెనక్కీ తిప్పారు. “రద్దయినచో సభ్యులందరును సుఖింతురు గదా?”

“అందుకే కదండీ అడుగుతున్నది.”

“అట్లయిన రద్దు తీర్మానము త్యాగరహితమైన సంపూర్ణ సుఖాంతమగును. అట్టిది ఏడవ నియమము ప్రకారము చెల్లనేరదు.” ఈ మాట చెప్పి, ఆయన తన నియమం గట్టిదనానికి తనే మురిసి తలపంకించారు. అన్నదమ్ములు చేతులెత్తారు.

“అయితే నా రాజీనామా తీసుకోండి.”

“అయ్యో, ఎంత బాగుందండీ!” అని జెస్సీ టీచరు చేతిరుమాలు తీసింది. నియమాన్ని పుట్టించినవాడే నియమానికి బలవడం! ఇంతటి ముగింపు ఏ ఆటలోనూ చూడలేదని అందరూ తలా ఒక మాటా అన్నారు. రత్నాజీ చెప్పులేసుకుంటున్నాడు. అప్పుడు బుల్లబ్బాయి కొత్తగా మొలుస్తున్న మీసం గోక్కుంటూ, “అధ్యక్షా, ఏడుగురికి తగ్గితే రిజిస్ట్రేషన్ ఉండదు కదండీ? సంఘం పోద్ది. అప్పుడు గది కూడా పోద్ది,” అన్నాడు.

“ఓహో!” అన్నారు కామేశం గారు. “సంఘమే అంతరించుట! ఇంతకన్నను ఉత్కృష్టమైన... ఇంతకన్నను...” వాక్యం అక్కడే ఆగింది. రెండుసార్లు మొదలెట్టబోయారు. రాలేదు. కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు.

“రత్నాజీ, వెళ్ళకయ్యా. మా ఆవిడ పోయాక ఆదివారం వస్తోందంటే భయమేసేది నాకు. పొద్దున్న లేచిన దగ్గర్నుంచీ గోడలు చూడ్డమే. ఈ గది లేకపోతే నేనెక్కడికెళ్ళను?”

ఆయన నోట ‘డమైనది’ లేని మాట వాళ్ళు వినడం అదే మొదలు. జెస్సీ టీచరు చేతిరుమాలు మళ్ళీ సంచిలో పెట్టేసింది. ఎవరికీ ఇది చేదుతీపి అనిపించలేదు. పెద్దాయన ఏడుస్తున్నాడు, చూడలేకపోయారు.

రత్నాజీ చెప్పులు విడిచి వెనక్కొచ్చి ఆయన పక్కన కూచున్నాడు. “నాకూ అంతేనండి. నాకు భ్రమర కావాలి, ఈ గదీ కావాలి, మీరూ కావాలి. ఒక్కటి కూడా వదులుకోను. సిగ్గు విడిచి చెప్తున్నా, నాకు సుఖాంతమే కావాలండి. బుల్లబ్బాయీ, ఆ రోజు నిన్నన్న మాటలకి నన్ను చెప్పుచ్చుకుని కొట్టు.”

“చెప్పులెందుకులెండి,” అన్నాడు బుల్లబ్బాయి మొహమాటపడిపోయి. “అసలు నాకర్థం కాదు, పెళ్ళి ముగింపని మీకెవరు చెప్పేరండీ? నాకు పెళ్ళయి పదకొండేళ్ళు. ముగింపైతే ఈపాటికి పేర్లు పడిపోవాలి కదా? ఒక్క పేరు కూడా పడలేదండి బాబూ. రోజూ పొద్దున్నే మళ్ళీ మొదటి యుద్ధం కాణ్ణుంచి మొదలు.”

కామేశం గారు కళ్ళు తుడుచుకుని, కళ్ళజోడు పెట్టుకున్నారు. వెన్ను నిటారైంది. “సభ్యుని వాంగ్మూలము పరిగణనలోనికి తీసుకొనడమైనది. ఏడవ నియమము ముగింపులకు మాత్రమే వర్తించును. వివాహము ముగింపు కానందున సంఘ పరిధిలోనికి రానేరదు. ఇందు మూలముగా ఫైలు మూసివేయడమైనది.” ఆ వెంటనే రత్నాజీ వీపు మీద చరిచారు. “ఇంకా కూచున్నావేంటయ్యా, పరిగెత్తు!”

పరిగెత్తాడు. మెయిన్ రోడ్డు చివరిదాకా రొప్పుకుంటూ వెళ్ళేసరికి, భ్రమరాంబ షాపులో ఒక్కతే కూచుని ఫ్రేములు తుడుస్తోంది. తలెత్తి, బేరానికొచ్చినవాణ్ణి చూసినట్టే చూసింది.

“రండి. ఏం చూపించమంటారు?”

“భ్రమరా, ఫైలు మూసేశారు! పెళ్ళి ముగింపు కాదంట, సంఘం పరిధిలోకి రాదంట!”

“నేను సంఘాన్నడగలేదండి. మిమ్మల్నడిగాను.”

ఈసారి రత్నాజీ మంచి మాట కోసం వెతకలేదు. వెతికినా దొరికేది కాదు.

“నువ్వే,” అన్నాడు. “ఆ రోజు ఈ ఒక్క ముక్కా అనలేకపోయాను. నీ మాట బాగుందని మురుస్తూ నిలబడ్డాను, అంత వెధవని. నువ్వెళ్ళిపోయాక ఏమీ బాగాలేదు భ్రమరా. పాట రాలేదు. లారీవాడు బురద కొట్టాడు. ఇంటికెళ్ళి ఉప్మా తిన్నాను.”

“ఎవరు చేశారు?”

“నేనే.”

“ఉప్పేశారా?”

“మర్చిపోయాను.”

ఆవిడ పెదాలు బిగపట్టుకుంది. తర్వాత లేచి అతని భుజం పట్టుకుని పరీక్ష కుర్చీలో కూచోబెట్టింది. “కళ్ళేంటండీ అలా ఎర్రబడిపోయాయి? ఎన్ని రోజులైంది నిద్రపోయి?” అంటూ ఆ బరువైన గుండ్రటి ఫ్రేము అతని ముక్కు మీద పెట్టి, ఎదురుగోడ మీద అట్టకి లైటు వేసింది.

“కింది వరస చదవండి.”

“కనపట్టంలేదు.”

“ఏడుపాపండి. కనపడుద్ది.”

“ఆగట్లేదు భ్రమరా.”

ఆవిడ స్టూలు లాక్కుని అతని పక్కన కూచుంది. “సరే, మెల్లిగానే కానివ్వండి,” అంది. “షాపు ఎనిమిదిదాకా తీసే ఉంటది.”